పశువైద్యమునకు జంతుశాస్త్రము మెట్టగునా?

విశాఖపట్నపు రేవు ప్రక్కన ఉన్న మల్కాపురము కార్మికుల పేట. 1941లో సింధియా కంపెనీ పునాది వేసిన నౌకా నిర్మాణ కేంద్రము, 1957లో కాల్టెక్సు సంస్థ నెలకొల్పిన చమురు శుద్ధి కర్మాగారము ఆ పేటకు ఇరుగుపొరుగులు. గాజువాక దాటి పోయినచో ఉక్కు కర్మాగారము. ఇట్టి చోట పెరిగిన పిల్లలు ఫిట్టరో, వెల్డరో, ఇంజనీరో కావలెనని కోరుట సహజమే. ఐనను ప్రతి పాఠశాలలోను ఒకరిద్దరు వేరు దారిని చూచువారు ఉందురు. వీధికుక్క కాలికి దెబ్బ తగిలిన వారు గుడ్డపీలికతో కట్టు కట్టుదురు. పొరుగింటి పాకలో గేదె ఈనుచున్నదనిన బడి మాని పోయి చూతురు. పెద్దయిన పిదప ఏమగుదువని ఉపాధ్యాయుడు అడిగినచో తడుముకొనక "పశువుల డాక్టరు" అందురు.

ఇట్టి విద్యార్థికి ఇంటర్మీడియెట్ అయిన పిదప పశువైద్య కళాశాలలో సీటు రానిచో, అందరును చెప్పు సలహా ఒకటి కలదు. "బి.ఎస్సి. జువాలజీలో చేరు. అదియు జంతువుల చదువే గదా! పట్టా చేతికి వచ్చిన తరువాత వెటర్నరీకి పోవచ్చును." సలహా చెప్పువారు మంచి మనసుతోనే చెప్పుదురు. అందులో ఒక చల్లని మాట కూడ ఉన్నది: పోయిన సీటు పోలేదు, మూడేండ్లు ఆగినదంతే. ఈ సలహా ఎంతవరకు నిజము? జంతుశాస్త్రపు డిగ్రీ పశువైద్యమునకు మెట్టగునా? దీనిని విమర్శించి చూచుట అవసరము, ఏలయన ఒక కుటుంబపు మూడు సంవత్సరముల ఖర్చు, ఒక విద్యార్థి మూడు సంవత్సరముల ఆశ ఈ ప్రశ్నపై ఆధారపడి యున్నవి.

మొదట నిబంధనల సంగతి. మన దేశములో పశువైద్య పట్టా పేరు బి.వి.ఎస్సి. అండ్ ఎ.హెచ్. దానిలో ప్రవేశము ఇంటర్మీడియెట్ లేక తత్సమాన పరీక్షలో భౌతిక, రసాయన, జీవ శాస్త్రములు చదివినవారికి. భారత పశువైద్య మండలి 2016లో ప్రకటించిన కనీస ప్రమాణముల ప్రకారము ఆ చదువు మొత్తము అయిదున్నర సంవత్సరములు; అందులో నాలుగున్నర సంవత్సరములు పాఠములు, కడపటి సంవత్సరము ఆస్పత్రులలోను క్షేత్రములలోను శిక్షణ. బి.ఎస్సి. పట్టా చేత పట్టుకొని వచ్చినవాడును, నిన్న ఇంటర్మీడియెట్ ముగించినవాడును ఒకే ప్రవేశ పరీక్ష వ్రాయవలెను, ఒకే మొదటి సంవత్సరములో కూర్చుండవలెను. జువాలజీ చదివినందుకు ఒక సంవత్సరము తగ్గదు. పదునేడవ ఏట ఇంటర్మీడియెట్ ముగించి నేరుగా చేరినవాడు దాదాపు ఇరువది మూడవ ఏటికి వైద్యుడగును. డిగ్రీ చుట్టుదారిని వచ్చినవాడికి ఇరువది ఆరు దాపునకు వచ్చును. గరిష్ఠ వయోపరిమితి అను మరియొక గోడ ఉన్నది. దానిని ఏటేట వెలువడు ప్రకటనలో చూచుకొననిదే మూడేండ్ల నిరీక్షణకు దిగరాదు.

అనగా సలహాలోని మొదటి భాగము, "దాని మీద వెటర్నరీకి పోవచ్చును" అనునది, చట్టరీత్యా నిలువదు. పోవచ్చును గాని దాని మీద కాదు.

మరి ఈ తలంపు మనలో ఎట్లు పాతుకొన్నది? కొంత అమెరికా నుండి వచ్చినది. విశాఖపట్నములో అమెరికా బంధువు లేని వీధి అరుదు. అచ్చటి పద్ధతిని విని ఇచ్చటికి అన్వయించుట జరుగుచున్నది. అమెరికాలో పశువైద్య కళాశాల నాలుగు సంవత్సరముల చదువు. దానికి ముందు విద్యార్థి మూడు నాలుగేండ్లు విశ్వవిద్యాలయములో వేరు చదువు చదివి రావలెను. ఆ ముందుచదువుగా చాలమంది యానిమల్ సైన్సు అను శాఖను ఎన్నుకొందురు. 1862లో మోరిల్ చట్టము ద్వారా అచ్చటి రాష్ట్రములకు భూములిచ్చి వ్యవసాయ కళాశాలలను పెట్టించినప్పుడు, వాని పశుపోషణ విభాగములే కాలక్రమమున ఈ శాఖగా పరిణమించినవి. ఆవులకు మేత ఎట్లు కూర్చవలెను, ఏ జాతిని ఏ జాతితో కలుపవలెను, చూలు ఎట్లు నిలుచును, పాలు మాంసము గ్రుడ్లు ఎట్లు పెరుగును అనునవి ఆ శాఖలోని పాఠములు. రోగము కాదు, ఆరోగ్యమే ఆ చదువుకు విషయము.

ఇచ్చట గమనింపవలసినవి రెండు సంగతులు ఉన్నవి. మొదటిది, అమెరికాలో సైతము యానిమల్ సైన్సు పట్టా తప్పనిసరి కాదు. రసాయన శాస్త్రము, జీవరసాయనము, భౌతిక శాస్త్రము, జన్యుశాస్త్రము, గణాంక శాస్త్రము మొదలైన నిర్ణీత పాఠములు చదివియుండుట ముఖ్యము. పట్టా మీది పేరు ఏదైనను ఒకటే. రెండవది మరింత ముఖ్యము. అచ్చటి దరఖాస్తులో విద్యార్థి జంతువుల నడుమ ఎన్ని గంటలు పని చేసెనో వ్రాయవలెను. అందులోను జంతువులను పెంచిన అనుభవమును, పశువైద్యుని వెంట ఉండి పని చేసిన అనుభవమును వేరు వేరుగ అడుగుదురు. ఇంగ్లండులో మన వలెనే పాఠశాల చదువు ముగిసిన వెంటనే పశువైద్యములో చేరుదురు. ఎక్కువ చోట్ల అయిదేండ్లు, కేంబ్రిడ్జిలో ఆరేండ్లు. అచ్చటను పశువుల కొట్టములలో పని చేసి వచ్చినవానినే చేర్చుకొనుటకు ఇష్టపడుదురు. ఒక దేశము ముందుచదువు కోరినది, మరియొకటి కోరలేదు. రెండును పశువు మీద చేయి వేసినవానిని కోరినవి.

మన పద్ధతి కోరునది ర్యాంకు మాత్రమే.

పట్టా పేరులోని "అండ్ ఎ.హెచ్." అను తోకను మనవారు సాధారణముగ పలుకరు. ఎ.హెచ్. అనగా పశుపోషణ. అమెరికా విద్యార్థి పశువైద్య కళాశాలలో చేరుటకు ముందు చదువు యానిమల్ సైన్సు మన దేశములో ఆ పట్టాలోనే కలిసియున్నది. మేత శాస్త్రము, జన్యుశాస్త్రము, ప్రజననము, పశుగణ ఉత్పత్తి నిర్వహణము, మాంసము పాలు మొదలగు ఉత్పత్తుల సాంకేతిక విజ్ఞానము ఆ అయిదున్నర ఏండ్లలోనే బోధింపబడును. మొదటి సంవత్సరములోనే శరీర నిర్మాణ, శరీర ధర్మ శాస్త్రములతో పాటు పశుపోషణ నిర్వహణము కూడ ఉండును. కావున మన విద్యార్థి ముందుగ వేరొక పట్టాలో దానిని వెదకవలసిన పని లేదు. మన దేశమునకు ఈ ఏర్పాటు సబబైనదే. 2019 పశుగణనలో దేశములోని పశుసంపద 53 కోట్లకు పైన తేలినది. గొఱ్ఱెల సంఖ్యలో తెలంగాణ మొదటి స్థానమున, ఆంధ్రప్రదేశ్ రెండవ స్థానమున ఉన్నవి. మన పల్లెలో పశువైద్యుడు కేవలము రోగము కుదుర్చువాడు కాడు. దాణా సంగతి, ఎద సంగతి, దూడ సంగతి అన్నియు అతనినే అడుగుదురు.

ఏర్పాటు మంచిదైనప్పుడు లోపమెక్కడ? లోపము గుమ్మము వద్ద ఉన్నది. గుమ్మము వద్ద నిలిచిన విద్యార్థి ఏమి చదివి వచ్చుచున్నాడో చూడవలెను.

2010 తరువాతి దశాబ్దములో తెలుగు అకాడమి ప్రచురించిన ఇంటర్మీడియెట్ జంతుశాస్త్ర పాఠ్యగ్రంథములలో మొదటి సంవత్సరము ఒక జంతువును సమగ్రముగ పరిశీలించుటకు ఎన్నుకొనినారు. ఆ జంతువు బొద్దింక. రెండవ సంవత్సరములోని శరీర ధర్మ పాఠములు మానవునివి. చివరను "అనువర్తిత జీవశాస్త్రము" అను భాగమున పశుపోషణ, కోళ్ళ పెంపకము కొలది పుటలలో ఉండెడివి. బొద్దింకను తప్పు పట్టుటకు లేదు. అది సులభముగ దొరకును, కీటకముల నిర్మాణమునకు చక్కని నమూనా. కాని రెండేండ్లలో ఒక ఆవు కడుపు, ఒక కోడి గొంతు సంచి, ఒక గుఱ్ఱము గిట్ట విద్యార్థి కంటబడక పోవుట విచారకరము. ఉన్న ఆ కొలది పుటలు కూడ పరీక్షకు చివరి భాగములు కాబట్టి తొందరలో నడచిపోయెడివి.

జాతీయ పాఠ్యగ్రంథములలో సంగతి ఇంకను చిత్రము. 2022లో పాఠ్యభారమును తగ్గించు సందర్భమున ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు పండ్రెండవ తరగతి జీవశాస్త్రము నుండి ఆహారోత్పత్తిని పెంపొందించు మార్గములను గూర్చిన అధ్యాయమును తొలగించినారు. పశుపోషణ ఉన్నది ఆ అధ్యాయములోనే. పదునొకండవ తరగతి నుండి జీర్ణక్రియ అధ్యాయమును తీసివేసినారు. 2024 నుండి నీట్ పరీక్ష పాఠ్యప్రణాళికలో కూడ ఈ రెండును లేవు. పశువైద్య కళాశాలలలో అఖిల భారత కోటాకు చెందిన 15 శాతము సీట్లు నీట్ ర్యాంకును బట్టియే నిండును. అనగా పశువుల పోషణను గూర్చి గాని, మేత కడుపులో ఏమగునో గాని ఒక్క వాక్యము చదువక పశువైద్య విద్యార్థి కావచ్చును. మానవ వైద్యమునకు ఏర్పరచిన పరీక్షను పశువైద్యమునకును వాడుకొనుటలో వచ్చిన ఫలమిది. భారము తగ్గించిన వారి కంట పశువైద్యుడు పడలేదనుకొనవలెను. ఎవరో కావలెనని చేసిన కీడు కాదు, ఐనను కీడే.

దీనివలన నష్టమేమి, కళాశాలలో ఎట్లును నేర్పుదురు గదా అని అడుగవచ్చును. ఒక్క రోగమును తీసికొని చూతము. ఇది ఇనుముతో బ్రతుకు మల్కాపురమునకు తగిన ఉదాహరణము.

ఆవు మేత మేయునప్పుడు మేక వలె పెదవులతో ఏరుకొనదు. పొడవైన గరుకు నాలుకతో చుట్టి లాగి, అంతగా నమలక మ్రింగివేయును. తీరిక వేళ దానిని మరల నోటికి తెచ్చుకొని నెమరు వేయును. కావున గడ్డిలో మేకుగాని తీగముక్కగాని ఉన్నచో అదియు లోనికి పోవును. ఆవు కడుపులో నాలుగు గదులున్నవి. మొదటిది రూమెన్, పెద్ద ఆవులో నూరు లీటర్లకు పైగా పట్టు తొట్టి అది. కోటానుకోట్ల సూక్ష్మజీవులు దానిలో గడ్డిని పులియబెట్టుచుండును. దాని ముందు భాగమున రెండవ గది రెటిక్యులము. దాని లోపలి గోడ తేనెపట్టు వలె గళ్ళు గళ్ళుగ ఉండును. బరువైన ఇనుపముక్క వచ్చి ఈ గదిలో పడును. ఈ గది దాదాపు నిమిషమునకొకసారి గట్టిగా ముడుచుకొనును. దానికి ముందు ఉదరవితానము అను పలుచని కండర పొర. ఆ పొరకు ఆవల, కొలది సెంటీమీటర్ల దూరమున, గుండె.

ఇంతవరకు చదివిన విద్యార్థికి మిగిలిన కథ తనంతట తట్టును. గది ముడుచుకొనిన ప్రతిసారి మేకు గోడలో కొంచెము దిగును. గోడ చీలినచో ఉదరవితానము, అదియు చీలినచో గుండె చుట్టునున్న సంచి. మొదట ఆవు హఠాత్తుగ మేత మానును, పాలు తగ్గును, వీపు విల్లు వలె వంచి నిలుచును, ముందు కాళ్ళ మోచేతులను ప్రక్కటెముకలకు తగులకుండ ఎడముగ పెట్టును. పల్లమునకు దిగుమనిన దిగదు. దిగినప్పుడు కడుపు బరువు ముందుకు వచ్చి నొప్పి హెచ్చును. గుండె సంచిలో చీము పట్టినచో మెడ నరములు ఉబ్బును, గంగడోలు వద్ద నీరు దిగును. ఆ దశలో వైద్యుడు చేయగలది మిక్కిలి కొంచెము. ముందే గుర్తించినచో ఒక అయస్కాంతమును మ్రింగించి ఆ గదిలోనే నిలుపుదురు, మేకు దానికి అంటుకొని యుండును. లేదా ఎడమ డొక్క కోసి రూమెన్ తెరచి చేయితో తీయుదురు.

ఈ రోగమును పట్టుకొనుటకు మందుల పట్టిక చాలదు. ఆవు ఎట్లు నిలుచును, ఎట్లు నడుచును, ఎట్లు మేయును అని తెలిసిన కన్ను కావలెను. ఆరోగ్యముగ ఉన్న ఆవు నిలువుతీరు నూరుమారులు చూడనివానికి జబ్బు ఆవు నిలువుతీరులో తేడా తెలియదు. ఆ చూపు కళాశాలలో మొదటిసారి మొదలుపెట్టవలసి వచ్చినవాడు, పాకలో పెరిగిన తోటి విద్యార్థి కంటె ఎంతో వెనుక నుండి బయలుదేరుచున్నాడు. నగరపు విద్యార్థి దానిని పూడ్చుకొనలేడని కాదు. కాని పూడ్చుకొనవలసిన గోయి ఉన్నదని అతనికి ముందుగ ఎవరును చెప్పుట లేదు.

ఇక బి.ఎస్సి. జంతుశాస్త్రము ఈ గోతిని పూడ్చునా అని చూడవలెను. న్యాయముగ చెప్పవలెనన్న, పూడ్చుట దాని పని కాదు. జంతుశాస్త్రము పశువైద్యమునకు వసారా కాదు, వేరొక ఇల్లు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర శాఖ ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి నాయకత్వమున సముద్ర జీవుల పరిశోధనలోను, పరాన్నజీవుల పరిశోధనలోను పేరు గడించినది. అట్టి శాస్త్రమును "సీటు రానివారి చదువు" అని పిలుచుట ఆ శాస్త్రమునకు అవమానము; దానిలో చేరిన విద్యార్థికి అంతకన్న చెరుపు. తాను వేచియుండు గదిలో కూర్చుంటినని తలచువాడు ఆ గదిలోని పుస్తకములను తెరచి చూడడు.

తెరచి చూచినచో అందులో పశువైద్యమునకు మిక్కిలి పనికివచ్చు సంగతులు లేకపోలేదు. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్‌బోర్న్ అనువారు టెక్సాస్ జ్వరమను పశురోగపు గుట్టు విప్పిన చరిత్ర ఇందుకు తార్కాణము. దక్షిణపు మందలు నడచిన దారిలో మేసిన ఉత్తరపు పశువులు రక్తపు మూత్రము పోసి చచ్చుచుండెను. దక్షిణపు పశువులు మాత్రము నిక్షేపముగ ఉండెను. రక్తకణములలో నివసించు ఒక ఏకకణ జీవి ఈ రోగమునకు కారణమనియు, దానిని ఒక పశువు నుండి మరియొక పశువునకు చేర్చునది పిడుదు అనియు వారు నిరూపించిరి. కీళ్ళ కాళ్ళ జంతువు ఒకటి రోగమును మోయునని దోమల కథ తేలుటకు ముందే తేల్చిన కృషి ఇది. స్మిత్ మానవ వైద్యము చదివినవాడు, కిల్‌బోర్న్ పశువైద్యుడు. పిడుదు జీవిత చక్రము తెలియనిదే ఇద్దరికిని దారి దొరకెడిది కాదు. ఇప్పటికిని మన సంకరజాతి ఆవులకు పిడుదుల వలన వచ్చు జ్వరము ఆ జాతి రోగమే.

ఐతే మన జంతుశాస్త్ర తరగతిలో పిడుదు ఎట్లు కనబడును? ఆర్థ్రోపోడా వర్గము, అరాక్నిడా విభాగము, ఎనిమిది కాళ్ళు, అని సీసాలోని నమూనాగ కనబడును. విద్యార్థి దాని బొమ్మ గీసి భాగములు గుర్తించి అయిదు మార్కులు తెచ్చుకొనును. ఆ పిడుదు ఎవరి ఆవు చెవి నుండి వచ్చినదో, క్రింద పడి ఎన్ని గ్రుడ్లు పెట్టునో, పిల్ల పిడుదు గడ్డి కొనకు ఎక్కి ఎట్లు కాచుకొనియుండునో చూడడు. లోపము శాస్త్రములో లేదు, సీసాలో ఉన్నది.

మరియొక మార్పును కూడ చెప్పుకొనవలెను. 1960 ప్రాంతమున జంతుశాస్త్రము చదివినవారికి కప్పను కోయుట మరపురాని సంగతి. యు.జి.సి. 2014లో జంతుశాస్త్ర డిగ్రీ తరగతులలో జంతు విచ్ఛేదనమును ఆపివేయించినది. వేలకొలది కప్పలను పరీక్షల పేర చంపుట ఆగుట మంచిదే. చచ్చిన కప్ప నుండి బ్రతికిన ఆవును గూర్చి తెలిసికొనునది కొంచెమే. కాని కోత ఆగిన చోట బ్రతికిన జంతువు వచ్చి నిలువవలసి యుండెను. వచ్చినవి పటములు, కంప్యూటరు బొమ్మలు. కుందేలు దంత సూత్రమును కంఠస్థము చేసిన విద్యార్థి, ఆవుకు పై దవడలో ముందు పళ్ళుండవని విన్నచో ఆశ్చర్యపడును. మల్కాపురములో పాలు పోయు మనిషికి అది తెలియును. పాలపళ్ళు ఊడి రెండు పెద్ద పళ్ళు వచ్చినచో సుమారు రెండేండ్లు నిండినవనియు, క్రింది ఎనిమిది పళ్ళు మారిన పిదప అరుగుదలను బట్టి వయసు చెప్పవచ్చుననియు కూడ తెలియును. పరీక్ష ఏదియు వ్రాయని అతని చేతిలోనున్న ఈ విద్యను కళాశాల లెక్కలోనికి తీసికొనలేదు.

ఇటీవల కొన్ని డిగ్రీ కళాశాలలలో కోళ్ళ పెంపకము, పాడిపశువుల నిర్వహణము పాఠ్యాంశములుగ వచ్చినవి. ఇది సరియైన దిశ. కొట్టము లేని కళాశాలలో పాడిపశువుల నిర్వహణము ఎట్లు బోధింతురను ప్రశ్నకు మాత్రము ఇంకను సమాధానము రావలసి యున్నది. ఈతను గట్టు మీద నేర్పుట వంటిది కాకుండ ఉండవలెనన్న దగ్గరలోని పాల సంఘము, కోళ్ళ ఫారము, ప్రభుత్వ పశువుల ఆస్పత్రి, ఈ మూటిలో ఒకదానితోనైన కళాశాలకు సంబంధముండవలెను.

ఆంధ్రదేశమున పశువైద్య విద్య అందుబాటులోనికి వచ్చుట ఆలస్యముగనే జరిగినది. 1903లో స్థాపితమైన మద్రాసు పశువైద్య కళాశాలయే చాలకాలము తీరాంధ్ర విద్యార్థులకు దిక్కు. హైదరాబాదులో 1946లోను, తిరుపతిలో 1955లోను కళాశాలలు వెలసినవి. 1998లో గన్నవరము, 2008లో ప్రొద్దుటూరు, అటుపిమ్మట విజయనగరము జిల్లాలోని గరివిడి. తిరుపతి కేంద్రముగ శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము 2005లో ఏర్పడినది. గరివిడి వచ్చిన తరువాత ఉత్తరాంధ్ర పిల్లలకు ఈ చదువు పొరుగు జిల్లాకు చేరినది. మల్కాపురపు ఉపాధ్యాయులలో ఎందరు తమ విద్యార్థులను ఒకమారు అచ్చటికి తీసికొనిపోయి చూపిరో!

ఉపాధ్యాయుడు పదవ తరగతిలోనే చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నవి. ఇంటర్మీడియెట్ ఫలితముల తరువాత చెప్పిన అవి ఊరడింపు మాటలుగ మిగులును. పశువైద్యుడు కావలెనన్న బి.వి.ఎస్సి. తప్ప వేరు పట్టా లేదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము నమోదు పొందినవాడే స్వతంత్రముగ వైద్యము చేయవచ్చును. పదవ తరగతి తరువాత రెండేండ్ల పశుపోషణ డిప్లొమా వేరొక దారి; దానిని చదివినవారు వైద్యుని పర్యవేక్షణలో చిన్న చికిత్సలు చేయుదురు, పల్లెలలో పశువును మొదట ముట్టునది వారే. అది వైద్యునికి తక్కువ పని అనుటకన్న వేరు పని అనుట సబబు. జంతుశాస్త్రము మీద ప్రేమ ఉన్నవాడు బి.ఎస్సి. చేరవచ్చును, పరాన్నజీవులు, కీటకములు, చేపలు, అడవి జంతువులు, జన్యువులు, అన్నియు అతనివి. ఒక సంవత్సరము ఆగి మరల ప్రవేశ పరీక్ష వ్రాయదలచినవాడు ఆ సంవత్సరమును పరీక్షకే వినియోగింపవచ్చును. ఈ దారులలో దేనిని ఎన్నుకొనినను తప్పు లేదు. ఒక దారిలో నడచుచు మరియొక ఊరు వచ్చునని కాచుకొనుటయే చేటు.

కళాశాలలు మారువరకు ఉన్నత పాఠశాల చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పని లేదు. జీర్ణక్రియ పాఠము వచ్చినప్పుడు, యజమాని అనుమతితో, సాధువైన ఆవు వద్దకు పిల్లలను తీసికొనిపోవచ్చును. ఎడమ డొక్కలో, కడపటి ప్రక్కటెముకకు వెనుకనున్న పల్లములో, పిడికిలి ఆనించి రెండు నిమిషములు ఉంచినచో రూమెన్ కదలిక అల వలె వచ్చి చేతిని నెట్టును. ఆరోగ్యముగ ఉన్న ఆవులో నిమిషమునకు ఒకటి రెండు మారులు వచ్చును. తోక మొదటి క్రింద వేలు ఆనించి నాడి లెక్కింపవచ్చును. పెద్ద ఆవులో నిమిషమునకు అరువది దరిదాపుల నుండి ఎనుబది వరకు ఉండును. ఉష్ణమాపకము చూపునది మనిషి కంటె ఎక్కువ, సుమారు 38.5 డిగ్రీల సెంటిగ్రేడు. ఇవి నోటు పుస్తకములో వారము వారము వ్రాసికొనిన బాలికకు, ఒకనాడు ఆ అంకెలు మారినచో ఏదో జరిగినదని తెలియును. ఆ తెలియుటయే పశువైద్యమున మొదటి పాఠము, దానికి ప్రవేశ పరీక్ష లేదు.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ప్రతి పాఠశాలకును ఒక అయస్కాంతము ఉండును. దానిని త్రాటికి కట్టి, పేటలో ఆవులు మేయు చోట, గడ్డి వేయు అరుగుల వద్ద, చెత్తకుండీల ప్రక్కన నేల మీద లాగి చూడవచ్చును. చేతితో ముట్టక పటకారుతో తీసి, దొరికిన మేకులను, తీగముక్కలను, మరలను లెక్కించి తూచవలెను. పిదప వాటిని పాత ఇనుము కొనువానికి ఇచ్చినచో ఆ తూకము మేరకు ఇనుము ఆవుల నాలుకకు అందకుండ పోవును. మరుసటి నెల అదే చోట మరల లాగి, సంఖ్య తగ్గెనో లేదో నల్లబల్ల మీద వ్రాయవచ్చును.